వేడి మీద కొలిచిన బుష్

ఇంట్లో లేత్ మిషన్ పెట్టుకుని, తీరిక వేళల్లో లోహం కోసి ఆనందించాలనుకునే మహానుభావులకు ముందుగా నా నమస్కారం. మీకోసం నా దగ్గర సలహాలు బోలెడున్నాయి. మా ఆయన ఒక్కటీ పుచ్చుకోలేదు కాబట్టి అన్నీ కొత్తవే, మడత నలగకుండా ఉన్నాయి.

మా ఆయన ముప్పై మూడేళ్లు బడిలో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యారు. అందరూ రిటైరయ్యాక మొక్కలు పెంచుతారు, పేపరు చదువుతారు, లేదంటే భార్య బుర్ర తింటారు. ఈయన మూడోదాన్ని వదలకుండానే, పెరట్లో స్కూటరు పెట్టుకునే రేకుల షెడ్డులోకి ఓ పాత లేత్ తెచ్చి దింపారు. బడిలో పారేస్తున్న నల్లబల్ల కూడా వెంట తెచ్చుకుని గోడకు తగిలించారు. దానిమీద సుద్దతో ‘భద్రతా సూత్రాలు’ అని శీర్షిక రాసి, కింద గీత గీశారు. ఆ గీత కింద చాలాకాలం ఏమీ లేదు.

మొదటి సూత్రం పడింది మాత్రం ఓ బుధవారం పొద్దున. పనిముక్కను పట్టుకునే చక్‌ను బిగించడానికి తాళంచెవిలాంటి ఓ ఇనుప తాళం ఉంటుంది. బిగించిన మరుక్షణం దాన్ని తీసెయ్యాలి. తియ్యకుండా మిషన్ వేస్తే అది తిరిగి తిరిగి, ఊడి, తనకు నచ్చిన చోటికి పోతుంది. ఈయనగారి తాళానికి నల్లబల్ల నచ్చింది. సరిగ్గా ‘భద్రతా’కూ ‘సూత్రాలు’కూ మధ్యన అరచేతి వెడల్పున చిల్లు పెట్టింది. చెవి పక్కనుంచే పోయిందట. ఆయన ఆ చిల్లు కింద ‘తాళం తీయవలెను’ అని అందంగా రాసుకున్నారు. ఆ మాట అంతకుముందు నేను పదకొండు సార్లు చెప్పాను. నేను సుద్దతో చెప్పలేదు కదా, ఎక్కలేదు.

నాకెలా తెలుసంటారా? పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో తనిఖీ గదిలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. లేత్ పనిలో కొమ్ములు తిరిగిన టర్నర్లు తాము చేసిన ముక్క పట్టుకొచ్చి నా బల్ల ముందు నిలబడేవాళ్లు. నేను మైక్రోమీటరు పెట్టి కొలిచి, బాగుంటే పచ్చ ట్రేలో, బాగోకపోతే ఎర్ర డబ్బాలో వేసేదాన్ని. నేను రిటైరైన రోజున వాళ్లంతా కలిసి చెక్కపెట్టెలో ఓ కొత్త మైక్రోమీటరు పెట్టి ఇచ్చారు. ఇప్పుడు మా ఆయన వాడేది అదే. మైక్రోమీటరు పనికొచ్చింది గానీ, దాని వెనకున్న మనిషి పనికిరాలేదు.

ఏదైనా సందేహం వస్తే ఆయన ఫోను తీస్తారు. అందులో ‘లేత్ మిత్రులు’ అని ఓ గ్రూపు ఉంది. ఓ పళ్ల డాక్టరు, ఓ బస్సు డ్రైవరు, ఓ లైబ్రేరియను, ఇంకా ఇలాంటి వాళ్లే ఓ ముప్పై మంది. “మిత్రులారా, ఇత్తడిని ఎంత వేగంతో కోయాలి?” అని ఈయన అడిగితే, పళ్ల డాక్టరు మర్నాడు జవాబిస్తాడు. నేను రెండడుగుల దూరంలో బట్టలు ఆరేస్తుంటాను.

ఓ ఆదివారం ఆ మిత్రుల్లో నలుగురు మిషన్ చూడ్డానికి ఇంటికొచ్చారు. నేను కాఫీలు పట్టుకెళ్లి, ఊరుకోలేక, “మిషన్ కింద బల్ల ఓ పక్కకి వాలిందండీ. ముందు లెవెల్ చూసుకోకపోతే కోసిందల్లా వంకరొస్తుంది” అన్నాను. ఆయన అందరి ముందూ నవ్వి, “మా ఆవిడకి కొలవడమే తెలుసండీ, కోయడం తెలీదు” అన్నారు. నలుగురూ ఘొల్లున నవ్వారు. పళ్ల డాక్టరైతే కప్పులో కాఫీ ఒలికేలా నవ్వాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్లు వెళ్లాక చెప్పాను. “ఇకమీదట ఆ షెడ్డులో నేను నోరు తెరిస్తే ఒట్టు.”

“అదే పదివేలు” అన్నారాయన.

అన్న మాట ప్రకారం నాలుగు నెలలు నోరు కుట్టేసుకున్నాను. మిషన్ నడుస్తుండగా గుడ్డతో తుడిచారు, నోరెత్తలేదు. పొడుగు చేతుల చొక్కాతో నిలబడితే మాత్రం ఒట్టు తప్పకుండా వెనకనుంచి వెళ్లి ఆ చొక్కా చేతులు మడిచి వచ్చాను. లోహపు తురుము చెప్పులకంటుకుని మంచం దాకా వచ్చింది. దుప్పటి దులుపుకుని పడుకున్నాను గానీ ఒక్క మాట అనలేదు.

ఇలా మా యుద్ధం సవ్యంగా సాగుతుండగా మా అత్తగారి కుర్చీ పాడైంది.

మా అత్తగారికి ఎనభై నాలుగు. కాళ్లు పడిపోయి ఆరేళ్లయింది కానీ నోరు మాత్రం నిక్షేపంలా ఉంది. చక్రాల కుర్చీలో రోజూ సాయంత్రం వీధి ఆ చివరకు వెళ్తారు. మా ఇల్లు వీధి లోపలి కొసన ఉంది, ముందుకు దారి లేదు. రోడ్డు మీదికి తెరుచుకునే ఆ చివర ఆవిడ స్నేహితురాలి ఇల్లు. ఒకప్పుడు పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసిన మనిషి కావడంతో వీధంతా పోస్టమ్మ అనే పిలుస్తారు. పోస్టమ్మకు మోకాళ్లు లేవు, చెవులు అసలే లేవు. ఎదురుగా కూర్చుని పెదాలు చూస్తేనే మాట తెలుస్తుంది. అందుకని ఇద్దరూ గేటు దగ్గర ముక్కుకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని, గంటసేపు వీధిలో అందర్నీ ఉతికి ఆరేసేవారు. ఫోనులో కుదిరే స్నేహం కాదది.

కుడి చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ ఓ బుష్ ఉంటుంది, గన్‌మెటల్‌తో చేసిన చిన్న గొట్టం. అది అరిగిపోయి చక్రం ఊగడం మొదలెట్టింది. షాపు వాడు ఆ మోడల్ రావట్లేదు, కొత్త కుర్చీ తీసుకోమన్నాడు. మా ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. “కొత్తదెందుకు? నేను చేస్తాగా!”

అలా రెండు వారాలు గడిచాయి. రెండు బుష్‌లు ఎర్ర డబ్బాకు అర్హత సంపాదించుకున్నాయి. అప్పుడు తెలిసింది, పోస్టమ్మ ఇల్లు ఖాళీ చేసి, ఓ పగలూ ఓ రాత్రీ రైల్లో పోవాల్సినంత దూరంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతోందని. ఆదివారం పది గంటలకు కారు.

అత్తగారు కొడుకుని పిలిచారు. “ఒరే, దాని మొహం ఒక్కసారి చూడాలిరా. గంట చాలు. ఆ కుర్చీ అయ్యేనా, చెప్పు. కాకపోతే ఇంకెవర్నైనా అడుగుతాను.”

“శనివారానికి నీ కుర్చీ రథంలా పరిగెడుతుందమ్మా” అని మాటిచ్చేశారు ఆయన.

శనివారం మధ్యాహ్నం నేను షెడ్డు పక్కనే పప్పు ఏరుకుంటూ కూర్చున్నాను. మూడో బుష్. నిజం చెప్పాలంటే ఈసారి బాగా కోశారు. నున్నగా, గీత లేకుండా వచ్చింది. మిషన్ ఆపి, ముక్కను చేతిలోకి తీసుకుని, “అబ్బా” అని వేళ్లు ఊదుకున్నారు. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూనే నా మైక్రోమీటరు పెట్టి కొలిచారు.

అయ్యా, లేత్ మిత్రులూ, ఒక్క నిమిషం చెవి ఇటు పడెయ్యండి. కోసిన ముక్క వేడెక్కుతుంది. వేడెక్కితే ఉబ్బుతుంది. వేడి మీద కొలిస్తే సరిగ్గా ఉన్నట్టే కనిపించి, చల్లారాక చిక్కిపోతుంది. మిల్లీమీటరును నూరు ముక్కలు చేస్తే రెండు ముక్కలంత. వెంట్రుకలో సగం కూడా ఉండదు. కానీ చక్రంలో బిగువుగా కూర్చోవలసిన బుష్‌కు ఆ రెండు ముక్కలే ప్రాణం. ఫ్యాక్టరీలో ఎవడైనా వేడి ముక్క తెస్తే, నేను ముట్టుకునేదాన్నే కాదు. “చల్లారాక రా” అని పంపేసేదాన్ని.

ఆయన అంకె చూసి, “పర్ఫెక్ట్!” అని అరిచారు. నా నోరు తెరుచుకుంది. ‘చల్లారనివ్వండి’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో పళ్ల డాక్టరు నవ్వు గుర్తొచ్చింది. నోరు మూసుకుని పప్పులో రాళ్లు వెతుక్కున్నాను.

కాఫీ తాగొచ్చి బుష్‌ను చక్రంలో పెట్టారు. మరలో పెట్టి నొక్కితే గానీ దిగకూడని బుష్, బొటనవేలితో నొక్కితే దిగింది. “చూశావా, వెన్నలో దిగినట్టు దిగింది!” అన్నారు నావైపు తిరిగి. దేవుడు రెండోసారి కూడా అవకాశం ఇచ్చాడు. నేను “ఊఁ” అన్నాను. ఆ ‘ఊఁ’లో నాకెంత తృప్తి దొరికిందో చెప్పలేను. రేపో ఎల్లుండో అది ఊడుతుంది, అప్పుడు తెలుస్తుంది కొలవడమంటే ఏమిటో, అనుకున్నాను. రేపు ఆదివారం అన్న సంగతి నాకు తెలీదా? తెలుసు. వీధి దాటేంత వరకూ ఆగుతుందిలే అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. కొలవకుండా నేను పాస్ చేసిన ముక్క జీవితంలో అదొక్కటే.

ఆదివారం ఎనిమిదిన్నరకే అత్తగారు తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టుకుని, కుర్చీలో తయారుగా కూర్చున్నారు. ఆయన పోనిస్తేనా? గ్రూపులో పెట్టడానికి ఫోటోలు కావాలి. చక్రం విడిగా ఓ ఫోటో, అమ్మతో ఓ ఫోటో, చక్రం మీద తన చెయ్యి పెట్టి ఓ ఫోటో.

“ఒరే, అది వెళ్లిపోతుందిరా!”

“పదింటికి కదమ్మా, ఇంకా చాలా టైముంది.”

బయల్దేరేసరికి తొమ్మిదీ ముప్పై అయిదు. ఆయన నెడుతున్నారు, నేను పక్కన నడుస్తున్నాను. నా చెవులు మాత్రం చక్రం దగ్గరే ఉన్నాయి. టైలరు కొట్టు దాకా బాగానే వెళ్లింది. అక్కడ కాలువ మీద పరిచిన రాతిపలక ఎక్కి దిగగానే టక్కుమని చిన్న చప్పుడు. నాలుగడుగులు వేశామో లేదో బుష్ పక్కకు జారి బయటికొచ్చి, చక్రం వాలిపోయి, చట్రానికి రాసుకుని కదలకుండా నిలబడింది. అత్తగారు ఒరిగిపోబోతే భుజాలు పట్టుకుని ఆపాను.

ఆయన వంగి లాగారు, తోశారు, తన్నారు. అది బిగుసుకుపోయింది. ఎదురుగా, వీధి చివర, కారు డిక్కీ మూసిన చప్పుడు వినిపించింది. సామాను ముందే సర్దేసినట్టున్నారు, పదింటిదాకా ఆగలేదు.

“పరిగెత్తరా!” అన్నారు అత్తగారు.

అరవై మూడేళ్ల మనిషి, ఒక చెప్పు వదిలేసి పరిగెత్తారు. గ్రీజు చేతులు రెండూ పైకెత్తి ఊపుతూ, “ఆపండి! ఆపండి!” అని అరిచారు. కారు కదిలింది. వెనక సీట్లోంచి పోస్టమ్మ తల తిప్పి చూసింది. ఆవిడకు అరుపు వినపడదు, పెదాలు కనపడేంత దగ్గర కాదు. సాగనంపడానికి వచ్చి టాటా చెబుతున్నాడనుకుంది పాపం. నవ్వుతూ తనూ చెయ్యి ఊపింది. కారు మలుపు తిరిగిపోయింది.

తర్వాత కూతురి నంబరు సంపాదించి ఫోను చేశాం. అప్పటికి రైలెక్కేశారు. ఆ అమ్మాయి మంచిదే, ఫోను తల్లి చెవి దగ్గర పెట్టింది. “ఏమేవ్, నేనే!” అని మా అత్తగారు మూడుసార్లు అన్నారు. అవతలనుంచి, “ఎవరూ? ఏమంటున్నారు?” అని పోస్టమ్మ కూతుర్ని అడగడం వినపడింది. అత్తగారు ఫోను నాకిచ్చేశారు.

టైలరు, మా ఆయనా కలిసి కుర్చీని అప్పటికే ఎత్తి ఇంటికి తెచ్చేశారు. ఫోను పెట్టెయ్యగానే ఆయన చక్రం ఊడదీసి, కుర్చీకి ఆ పక్కన పీట దన్ను పెట్టి, నేరుగా షెడ్డులోకి వెళ్లిపోయారు. నేను అత్తగారికి మంచినీళ్లిచ్చాను. తాగలేదు. గ్లాసు ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూశారు. పోస్టమ్మతో ఏళ్ల తరబడి కూర్చుని ఆవిడకూ పెదాలు చదవడం అబ్బిందని నాకప్పటిదాకా తెలీదు.

“నిన్న మధ్యాహ్నం కిటికీలోంచి చూశానమ్మాయ్. వాడు ఆ ముక్క కొలుస్తుంటే నువ్వు నోరు తెరిచావు. మళ్లీ మూసుకున్నావు. ఏం చెప్పబోయావు?”

మామూలుగా నేనెవరికీ జవాబు బాకీ ఉండను. ఆ పూట మాత్రం ముందు ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దాను.

“చల్లారనివ్వండి అని” అన్నాను చివరికి.

“అంతేనా?”

“అంతే.”

“ఒక్క ముక్క” అన్నారావిడ. తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! గ్లాసు నా చేతికిచ్చి, కుర్చీని కిటికీవైపు తిప్పమన్నారు. తిప్పబోతే కుర్చీకి చక్రం లేదు. ఆవిణ్ణి ఎత్తి మంచం మీద కూర్చోబెట్టి, కిటికీ రెక్కలు తెరిచాను.

షెడ్డులోకి వెళ్లాను. చల్లారిన ఆ బుష్‌ను మళ్లీ కొలిచినట్టున్నారు, మైక్రోమీటరు పక్కనే ఉంది. ఆయన ఫోను తీసి గ్రూపులో ఏదో రాయబోతున్నారు. పొద్దున పెట్టిన ఫోటోల కింద అప్పటికి ఇరవై ఆరు చప్పట్లు వచ్చి ఉన్నాయి. నన్ను చూసి ఫోను బోర్లా పెట్టారు.

“నిన్న వేడి మీద కొలవడం నువ్వు చూశావా?” అన్నారు.

“చూశాను.”

“చెప్పొచ్చు కదే.”

‘అడగొచ్చు కదా’ అన్న మాట నా నోటిదాకా వచ్చింది. దాన్ని మాత్రం మింగేశాను. నాలుగు నెలల్లో నేను మింగినవాటిలో మింగాల్సిన మాట అదొక్కటే.

ఆయన కొత్త ముక్కను చక్‌లో బిగించి, తాళం తీసి, నాకు చూపించి మరీ పక్కన పెట్టారు. కోయడం అయ్యాక మైక్రోమీటరు అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. దాని చెక్కపెట్టెను నావైపు తోశారు. ఇద్దరం ఆ బుష్‌ను బల్లమీద మధ్యన పెట్టుకుని, అది చల్లారేదాకా కూర్చున్నాం.