సాక్షిని గుర్రం ఎక్కించడం

యార్క్‌షైర్ పెద్ద సీమ. దాన్ని మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ రైడింగ్ అన్నారు. పడమటి రైడింగ్‌లో భూమి కొన్నవాళ్ళు వేక్‌ఫీల్డ్ వెళ్ళి, రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజు నమోదు చేయించుకోవాలి. ఎవరు ముందు నమోదు చేయిస్తే భూమి వాళ్ళది. ముందు ఎవరు కొన్నారని అడిగేవాడు లేడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, అక్కడ అదే చట్టం.

టాబిథా క్రాబ్‌ట్రీకి ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. వాగు పక్కన పచ్చిక చెక్క కొని, దస్తావేజు మడిచి పెట్టె అడుగున పెట్టి నిశ్చింతగా ఉంది. మొగుడు పోయాక ఆవులు ఆమె పాలబడ్డాయి. కొండ మీద ఆమె పొలంలో నీటి చుక్క లేదు. వేసవంతా నీళ్ళు మోసి భుజాలు కాయలు కాశాయి. ఆ చెక్క ఉంటే ఆవులే వాగులో దిగి తాగుతాయి. అందుకే కొంది.

ఆదివారం చర్చి బయట కబురు తెలిసింది. అమ్మినవాడు అదే చెక్కని ఆ తరవాత బట్టల వర్తకుడు రిష్‌వర్త్‌కి కూడా అమ్మి, బావమరిదిని వెంటబెట్టుకుని ఊరు దాటేశాడట.

నమోదుకి దస్తావేజు ఒక్కటే చాలదు. సంతకం పెడుతుండగా చూసిన సాక్షి స్వయంగా వచ్చి ప్రమాణం చెయ్యాలి. రెండు దస్తావేజులకీ సాక్షులు ఒకే ఇద్దరు. ఒకడు పారిపోయిన బావమరిది. రెండోవాడు చర్చి గుమాస్తా ఎనాక్. చేతికి కలం ఇచ్చి, ముందు గ్లాసుడు బీరు పెడితే, ఏ కాగితమన్నది చూడకుండా సంతకం పెట్టే మనిషి. ఒళ్ళు పీపా. మోకాళ్ళు వాపు.

సోమవారం తెల్లారి టాబిథా వెళ్ళేసరికి రిష్‌వర్త్ అప్పటికే ఎనాక్ వాకిట్లో ఉన్నాడు. వేటగుర్రం తెచ్చాడు. ఎనాక్‌ని దాని మీదికి ఎత్తుతున్నాడు. ఎనాక్ ఈ పక్క నుంచి ఎక్కాడు, ఆ పక్క నుంచి పేడకుప్పలోకి దిగాడు.

"ఎక్కాను, దిగాను. నా వంతు అయిపోయింది," అన్నాడు అందులోనే కూర్చుని.

"కదలకు తాతా. హాలిఫాక్స్ నుంచి బండి తెస్తా," అని రిష్‌వర్త్ గుర్రాన్ని దౌడు తీయించాడు.

టాబిథా చెయ్యందించి లేపింది.

"బాబాయ్, ముందు సంతకమైంది నా దస్తావేజు మీద. నువ్వే చూశావు."

"చూశాను. అతనిదీ చూశాను. ఎవరు తీసుకెళ్తే వాళ్ళకి నిజమే చెప్తా. గుర్రం మాత్రం ఎక్కను."

టాబిథాకి ఉన్నది ముసలి గుర్రం. వీపు బల్లలా వెడల్పు. మొగుడు ఉన్నప్పుడు ఆమె అతని వెనక కూర్చునే మెత్త ఇంకా అటక మీదే ఉంది. కాళ్ళు పెట్టుకోవడానికి చిన్న పలక కూడా ఉంది దానికి. పరిగెత్తి వెళ్ళి, గుర్రానికి కట్టి తీసుకొచ్చింది.

"అది ఆడవాళ్ళు కూర్చునేది కదా అమ్మాయ్."

"అందుకే మెత్తగా ఉంటుంది."

"కళ్ళెం ఎవరు పడతారు?"

"నేను."

"అయితే పడితే నీ తప్పు."

"నా తప్పే. రా."

చర్చి గోడ దగ్గరి ఎక్కుడు రాయి మీద ఎనాక్‌ని నిలబెట్టి, సమాధులు తవ్వేవాడూ కమ్మరీ చెరో పక్క నెట్టారు. ముందు టాబిథా, మొగుడి కోటు వేసుకుని. వెనక ఎనాక్, కొత్త పెళ్ళికూతురిలా రెండు కాళ్ళూ ఒకే పక్కకి వేసుకుని, ఆమె నడుం పట్టుకుని.

దారిలో నేతగాళ్ళు మగ్గాలు ఆపి బయటికి వచ్చారు.

"ఏం టాబిథా, పెళ్ళికొడుకుని ఎత్తుకుపోతున్నావా?"

"లేదయ్యా, బరువెక్కువైంది, తిరిగి ఇచ్చేస్తున్నా."

ఎనాక్ టోపీ ముక్కు దాకా లాక్కున్నాడు. రెండో ఊరు దాటాక కాస్త పైకి జరిపాడు. మూడో ఊరు దాటాక తనే జనాన్ని పలకరిస్తున్నాడు.

బురద ఎత్తు ఎక్కుతుండగా వెనక చక్రాల చప్పుడు వినిపించింది. రిష్‌వర్త్ బండివాడి చేత బండి పక్కకి తెప్పించి ఆపించాడు.

"దిగు తాతా. లోపల దిండ్లున్నాయి, కాళ్ళకి గొర్రెతోలు ఉంది. ఇదుగో, వేడి వేడి మాంసం రొట్టె."

వాసన టాబిథాకే నోరూరించింది. ముసలి గుర్రం బండిని మించి పరిగెత్తలేదు. ఆమె కళ్ళెం బిగబట్టి ఆగింది. నడుం చుట్టూ ఉన్న ఆ లావు చేతులు వదిలేస్తే వాగూ పోయినట్టే.

"నేను పట్టి ఆపను బాబాయ్. నీ ఇష్టం," అంది.

ఎనాక్ బురదలోకి చూశాడు.

"ఎక్కుడు రాయి ఏది?"

"రాయెందుకు? దూకు. మావాడు పట్టుకుంటాడు."

ఎనాక్ ఆ బండివాణ్ణి కింది నుంచి పైదాకా చూశాడు. సన్నటి కుర్రాడు.

"ఇతని మీద నేను పడితే రేపు ఇతని పేరు చర్చి చావుల పుస్తకంలో నేనే రాయాలి. రోజుకి ఒక్కసారి ఎక్కడమే ఎక్కువ నాకు. నడిపించు అమ్మాయ్. ఆ రొట్టె మాత్రం ఇటివ్వు దొరా."

రిష్‌వర్త్ రొట్టె ఇవ్వలేదు.

వేక్‌ఫీల్డ్ కచేరీ ముందు రాయి ఉంది. ఎనాక్ దాని మీద దిగి, టాబిథా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు. రిష్‌వర్త్ ముందే వచ్చి కాగితం చేత్తో పట్టుకుని బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎవరి సాక్షి నువ్వు?" అని కచేరీ గుమాస్తా అడిగాడు.

"ఇద్దరికీనండి. కానీ నన్ను మోసుకొచ్చింది ఈవిడ. ముందు ఈవిడది కానివ్వండి."

ప్రమాణం చేశాడు. గుమాస్తా టాబిథా దస్తావేజు సారం పుస్తకంలో ఎక్కించి, వేళ వేసి, సిరా ఆరడానికి ఇసక చల్లాడు. తరవాత రిష్‌వర్త్‌దీ ఎక్కించాడు. అది ఇక పనికిరాదని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

రిష్‌వర్త్ మోసగాణ్ణి పట్టుకుని దావా వెయ్యాలన్నా మళ్ళీ ఎనాక్ సాక్ష్యమే దిక్కు. అందుకని మర్యాదగా అతన్ని బండిలో తనే ఇంటికి తీసుకెళ్ళాడు. రొట్టె పెట్టాడు. చల్లారిందని ఎనాక్ దారంతా సణిగాడట.

మర్నాడు టాబిథా వాగు పక్క పచ్చిక చెక్క దడి తలుపు తీసి ఆవుల్ని తోలింది. అవి వాగు ఒడ్డున నిలబడి అనుమానంగా చూశాయి. బకెట్లో తప్ప నీళ్ళు ఎరగవు. ఒక్కటీ దిగలేదు.

టాబిథా లంగా పైకి దోపి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, వాటిని చూస్తూ దోసిలితో తాగింది. కాసేపటికి పెద్ద ఆవు ఒక కాలు ముందుకు వేసింది.