సైదులు ఆలస్యం

కంప్యూటరు బాణాల ఆటలో నన్ను మించినవాడు ఆ రోజుల్లో ప్రపంచంలోనే లేడని సైదులుకి చెబుతున్నాను, వాడు చనిపోయాడని తెలిసి కూడా చెబుతున్నాను. రేపల్లె బస్టాండు వెనక వాడు నడిపిన నెట్ సెంటరులోనే ఉన్నాం గానీ గోడలు తడి బట్టల్లా వేలాడుతున్నాయి, మోకాలి లోతు కాలవ నీళ్లలో కంప్యూటర్లు ఏమీ ఎరగనట్టు వెలుగుతున్నాయి.

సైదులు పెదవులు ముందు కదులుతాయి, మాట కాస్త ఆగి వస్తుంది. "ఒక్క పాటన్నా చివరిదాకా ఆడావా మావా? ఒక మీట నొక్కమంటే రెండు నొక్కేవాడివి. డోలు కొట్టి మొద్దుబారిన వేళ్లు నీవి."

నిజమే, ఒప్పుకోవడానికి నాకేం బరువు, నేను ఆడింది లేదు. పెళ్లిమేళాలు లేని మధ్యాహ్నాల్లో వాడు పాట పెడితే నేను బల్ల మీద తాళం వేసేవాణ్ణి, నా వేలు పడ్డప్పుడల్లా వాడు తెర మీద ఒక బాణం పెట్టేవాడు, ఆ బాణం జారి కింది గీతను తాకినప్పుడు మీట నొక్కాలి, అంతే ఆట. అలా కట్టిన పాటల్ని ఇంటర్నెట్టులో పెడితే ముఖాలు తెలియని మనుషులు ఎక్కడెక్కడి నుంచో దించుకుని ఆడేవాళ్లు. కానీ మా కంప్యూటరు ముసలిది, పాట దాంట్లో రెప్పపాటు ఆలస్యంగా వినపడేది, మేం విన్నదాన్ని బట్టి పెట్టిన బాణాలన్నీ లోకమంతటికీ రెప్పపాటు ఆలస్యమే. మొదట తిట్టారు. తర్వాత ఆగడం నేర్చుకున్నారు, ఆ ఆగడానికి వాడి పేరే పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆ ఆటను చూసుకునే కొత్తవాళ్లు ఆ ఆలస్యాన్ని సరిచేస్తామంటున్నారని చెబుతాను. పాతవాళ్లలో మిగిలింది నేనే కాబట్టి నన్నడిగారు, నేను ఊఁ అంటే బాణాలన్నీ సరైన చోటికి జరిగిపోతాయి. సెంటరు కూల్చి చెప్పుల కొట్టు కట్టారని, వాడి పెళ్లి ఫొటోలు కూడా చెదలు తినేశాయని, వాడిదంటూ ఈ భూమ్మీద ఉన్నది ఆ రెప్పపాటేనని చెబుతూ ఉంటే నీళ్లు వాడి గుండెల దాకా వస్తాయి, ఆస్పత్రిలో చివరిసారి వాడి ఊపిరిలో విన్న గుడగుడ ఇప్పుడు గదంతా వినిపిస్తుంది.

"ఏం చెప్పమంటావు అల్లుడూ?"

నీళ్లు గడ్డాన్ని తాకుతుండగా పెదవులు కదులుతాయి. "ముట్టుకోవద్దను మావా. నేనింకెక్కడున్నాను?"

మెలకువ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం, వసారాలో నులకమంచం. కాలవ అవతల ఒకావిడ బండ మీద చీర ఉతుకుతోంది. చీర బండను తాకుతుంది, చప్పుడు కాస్త ఆగి ఇవతలకి వస్తుంది. మంచం పట్టె మీద నా వేలు ఆ చప్పుడు కోసం ఆగి, దానితోపాటు పడుతోంది.

సైదులు కలలోకి వచ్చి ముట్టుకోవద్దన్నాడని కొత్తవాళ్లకు ఫోనులో కబురు పెట్టాను. కలను కూడా లెక్కలోకి తీసుకున్నారు, మంచి పిల్లలు. పాటలు అలాగే ఉన్నాయి.

ఇందులో ఒక్కటి మాత్రం నేను కల్పించాను. నీళ్లు, గోడలు, వాడి ఎగతాళి అన్నీ కలలో ఉన్నవే. చివర్లో వాడి పెదవులు కదలడమూ నిజమే. మాట వచ్చేలోపు నాకు మెలకువ వచ్చేసింది.