బిగుతు కాజాలు

ఇంత తెల్లటి బట్ట తెమ్మని ఎవరు చెప్పారు ఈ పిల్లకి, వేలి చెమట తగిలినా మరక పడేలా ఉంది, ఇందాకటి నుంచి చేతులు కడుక్కోవడం, వచ్చి కూర్చోవడం, మళ్ళీ లేవడం, ఇదే పని, చొక్కా అంతా అయిపోయింది, కాలరు చక్కగా కూర్చుంది, చేతులు ఎక్కాయి, అంచు మడత ఇస్త్రీ కూడా అయింది, ఇక మిగిలినవి కాజాలే, గుండీలు దూరే ఆ చిన్న చిన్న చీలికలు, వాటి దగ్గరికొచ్చేసరికి చేయి ఆగిపోయింది, సాయంత్రం వస్తానంది, వస్తుంది, మాటంటే మాటే దానికి, రేపు దాని పెళ్ళి, పెళ్ళికొడుకు బస్సు డ్రైవరు, మంచివాడేనట, అయితే మంచిదే, నాకేం, కానీ ఊళ్ళో ఇంతమంది దర్జీలుండగా వాడి పెళ్ళి చొక్కా నా మిషను మీదే కుట్టాలా, మా తమ్ముడు యుద్ధంలో పోకుండా ఉంటే ఈపాటికి నా మరదలై ఈ గదిలోనే అటూ ఇటూ తిరుగుతుండాల్సిన పిల్ల, ఏ మొహం పెట్టుకుని వచ్చిందా అని నేను లోపల ఉడికిపోతుంటే అది తాపీగా బల్ల మీద బట్ట పరిచి, వదినా, కాజాలు మాత్రం తను కుట్టినట్టే కుట్టాలి, అంది.

తను కుట్టినట్టే అంటే తప్పుగా అని, ఇంకేముంది, మా తమ్ముడికి ఆ పని ఒక్కనాడూ సరిగ్గా వచ్చి చావలేదు, మిషను ముందు కూర్చోబెడితే దారం తెంపడం తప్ప ఏమీ చేయడని కాజాలు అప్పగించాను, గుండీని బట్ట మీద బోర్లించి దాని వెడల్పుకి అటూ ఇటూ చాక్‌పీసుతో గీసేవాడు, సరిగ్గా అంతే కత్తిరించేవాడు, ఒరేయ్ మొద్దూ, గుండీ కాగితం ముక్క కాదురా, దానికి మందం కూడా ఉంటుంది, అది కలుపుకో, అని స్కేలుతో నెత్తి మీద ఒకటి అంటిస్తే పళ్ళికిలించేవాడు, ఉండనీవే అక్కా, ఎక్కేటప్పుడు ఏడిపిస్తే ఏడిపించింది, ఎక్కాక ఊడదు కదా, అని వాడి సమర్థింపు, పోస్ట్‌మాన్ బాబాయి అయితే కొట్టు గుమ్మంలోనే నిలబడి, ఏమ్మా, మీ వాడు కుట్టింది చొక్కానా తాళంకప్పా, విప్పుకోవాలంటే మీ పిన్నిని కేకెయ్యాల్సొస్తోంది, అని వీధంతా వినపడేలా అరిచేవాడు, అరిచి, చంకలోంచి ఇంకో చొక్కా బట్ట తీసి వాడికే ఇచ్చేవాడు, తిట్టుకుంటూనే అందరూ వాడికే ఇచ్చేవారు, ఏం చూసుకునో మరి.

ఆ బాబాయి ఆ చొక్కాతోనే వచ్చాడు, తమ్ముణ్ణి తీసుకొచ్చిన రోజు, పెట్టె మూత తెరవొద్దన్నారు, తెరవలేదు, అంత పొడుగువాడు ఆ పెట్టెలో ఎలా పట్టాడా అని నాకు అదే ఆలోచన, బాబాయి మెడ దాకా గుండీలు పెట్టుకొచ్చాడు మర్యాదకి, ఎండ, జనం, ఊపిరాడక పై గుండీ తీసుకోబోతే రాదు, ఏడుస్తున్నదాన్ని అలాగే లేచి వెళ్ళి నేనే తీశాను, గుండీని పక్కకి వాల్చి బొటనవేలితో నొక్కాలి, ఆ కిటుకు నాకూ వాడికీ మాత్రమే తెలుసు, తీశాక బాబాయి నా చేయి పట్టుకుని చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు, తర్వాత వాడితో పనిచేసిన సిపాయి ఒకడు వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు, అక్కడ చలిగాలికి కాజాల్లోంచి గుండీలు ఊడిపోతుంటే అందరి కోట్లకీ వాడే కాజాలు కుట్టేవాడట, మమ్మల్ని ఏడిపించాడక్కా, కానీ చలి మాత్రం లోపలికి రాలేదు, అన్నాడు, ఆ రోజు నుంచి నేను కాజా ముట్టుకుంటే ఒట్టు, ఏ చొక్కా అయినా పెద్దవీధిలో మిషను కాజాలవాడికి పంపించేయడమే, దీన్ని కూడా పంపేస్తే పోతుంది, పెళ్ళికొడుక్కి ఏం తెలుస్తుంది, దానికి తెలుస్తుంది, గుండీ పట్టుకోగానే తెలిసిపోతుంది.

ఎంతసేపే ఆ చొక్కాకేసి చూస్తావు, మొదలుపెట్టు, అని లోపల దారాలు తుంచుతున్న అమ్మ, నీకేం తెలుసమ్మా, ఎవరికి కుడుతున్నానో తెలుసా, తెలుసు, నేనే వెళ్ళి చెప్పాను ఆ పిల్లకి పెళ్ళి చేసుకోమని, నువ్వా, నేనే, అది రోజూ వచ్చి నా పక్కన కూర్చుంటుంటే నా కడుపు తరుక్కుపోయేది, వాడు పోయాడు, దీన్ని కూడా బతికుండగానే పాతిపెట్టమంటావా, అంది అమ్మ, కత్తెర చప్పుడు ఆగలేదు, నాకు కోపమొచ్చింది, నాకు చెప్పకుండా వెళ్ళినందుకు, నేను వెళ్ళనందుకు, అమ్మ మళ్ళీ, కొలత కావాలంటే ట్రంకుపెట్టెలో వాడి చొక్కా ఉంది చూసుకో, అంది.

తీశాను, సెలవుకి వచ్చినప్పుడు తన పెళ్ళికని వాడే కాజాలు కుట్టుకున్న చొక్కా, నీలం చారలది, ఒక్కసారీ తొడుక్కోలేదు, గుండీ పెట్టబోతే ససేమిరా అంది, కుట్టిన రోజు ఎంత బిగుతో ఇప్పుడూ అంతే, మొన్ననే కదా బాబాయి పాత చొక్కా కాలరు తిప్పి వేయమని వచ్చింది, దాని కాజాలు ఎంత మెత్తబడ్డాయని, గుండీ ఇలా ముట్టుకుంటే అలా దూరింది, అయినా ఊడలేదు, అదీ వీడి చేతిదే, ఇదీ వీడి చేతిదే, అది తిరిగింది, తడిసింది, ఉతికించుకుంది, ఇది పెట్టెలో నా కాపలాలో పడుంది, ఓసి నా తెలివి తగలెయ్య, దాచుకుంటే వాడు మిగులుతాడనుకున్నాను.

గుండీ బోర్లించాను, వెడల్పుకి గీశాను, మందం కలుపుకోలేదు, కత్తిరించాను, నేను నేర్పిన చేయే కదా వాడిది, వాడి తప్పు నా చేతికి ఎంత సులువుగా వచ్చిందో, ఏడుస్తూనే కుట్టాను, మరక పడకుండా మొహం పక్కకి తిప్పుకుని, ఆఖరి ముడి వేస్తుంటే వచ్చేసింది పిల్ల, అక్కడే నిలబడి గుండీ పెట్టి చూసింది, ఎక్కదు, మళ్ళీ చూసింది, ఎక్కదు, పకపకా నవ్వింది, నవ్వుతుండగానే కళ్ళ నిండా నీళ్ళు, రేపు ఈయన పని అయిపోయినట్టే వదినా, అని, ఆగి, ఇంకా వదినా అనే పిలవనా, అంది, మరేమని పిలుస్తావే, పక్కకి వాల్చి బొటనవేలితో నొక్కమని చెప్పు, తొడుక్కుంటూ ఉంటే అదే సాగుతుంది, అన్నాను, నా నోటితో నేనే అన్నాను, అని నేనే విన్నాను.

అది వెళ్ళాక చూస్తే నీలం చారల చొక్కా ఇంకా బల్ల మీదే ఉంది, మడత పెట్టబోయి ఆగాను, మళ్ళీ ఆ పెట్టెలోకా, వద్దు, మిషను దగ్గర కూర్చున్నప్పుడు బట్టలకి నూనె అంటకుండా పైన ఏదో ఒకటి కావాలి కదా నాకు, చేతులు పొడుగు, మడుచుకుంటే సరిపోతుంది, అమ్మ గుమ్మంలోకొచ్చి చూసింది, దగ్గరికొచ్చి చేతులు తనే మడిచింది, రోజూ తొడుక్కుంటాను, చిరిగితే మాటేసుకుంటాను, సాగనీ, మెత్తబడనీ, కింద గుండీ ఎక్కింది, మధ్యది ఎక్కింది, ఈ పైది చూడు ఎంత మొండికేస్తోందో, ఒరేయ్ మొద్దూ, మందం కలుపుకోమన్నానా లేదా.