మైనం లోపల, సీసం బయట

ఇడ్లీపాత్రలో మైనం కరుగుతోంది. "ఏమోయ్, ఇంకో రెండు దిమ్మలు పోసిపెట్టు, సాయంత్రం కమల వచ్చి పట్టుకెళ్తుంది," అని చెప్పి మా ఆయన ఏసురత్నం తార్నాకలో బస్సెక్కి యూనివర్సిటీకి వెళ్లిపోయారు.

కమల! ఆయన దగ్గర రీసెర్చి చేస్తున్న విద్యానగర్ పిల్ల. ఎప్పుడో గాని జరగని ఓ సంగతిని పట్టుకోవడానికి ఫిజిక్స్ బిల్డింగు నేలమాళిగలో పెట్టిన డిటెక్టరు ముందు రోజంతా కూర్చుంటుంది. నేనూ చదివింది ఫిజిక్సే. అయినా ఆమెకు కుర్చీ, నాకు పొయ్యి. ఒళ్లు మండిపోతుంది. ఆయన్ను ఎగరేసుకుపోతుందని కాదు, పోతే పోనీ! నా కన్నంతా ఆ కుర్చీ మీదే. మొన్న బొంబాయి ప్రొఫెసరుగారు భోజనానికొస్తే, కమలను "మా రీసెర్చి స్కాలర్" అని చూపించి, నా గురించి "మా ఇంటావిడ, చారు భలే పెడుతుందండీ" అన్నారు.

వారం నుంచి ఆయనకు అన్నం సహించడం లేదు. "కాస్మిక్ కిరణాల బెడద తగ్గాలని సీసం ఇటుకలు పేర్చాం. పేర్చినకొద్దీ డిటెక్టర్లో అక్కర్లేని బ్యాక్‌గ్రౌండ్ లెక్క పెరుగుతోంది. దాని చుట్టూ మైనం కట్టినా అంతే," అని కంచం ముందు గొణుగుడు. ఎందుకో నాకు తెలుసు. ఆ కిరణాల్లో వచ్చే మ్యూయాన్ కణం సీసానికి ఆగదు, పోతూ పోతూ ఆ సీసంలోనే న్యూట్రాన్లను పుట్టిస్తుంది. వాటిని ఆపేది మైనం. ఆ మైనాన్ని తీసుకెళ్లి సీసానికి బయట కట్టారు, మహానుభావులు! చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే మధ్యాహ్నానికల్లా అది కమల మాట, ఏడాది తిరిగేసరికి కమల థీసిస్. పప్పు వడ్డించి ఊరుకున్నాను.

సాయంత్రం కమల వచ్చింది. "అక్కా, ఎంత నున్నగ పోసిన్రు! మీరు గీడ ఉన్నరు గాబట్టే గాడ మా పని నడుస్తున్నది," అంది. పాపం, మెచ్చుకోవాలనే అంది. గీడ నేను, గాడ పని. చెంప మీద కొట్టినట్టయింది. పొయ్యి ఆర్పి, చెప్పులేసుకుని, దిమ్మలు నేనే చంకనెత్తుకుని ఆమె వెంట నడిచాను.

నేలమాళిగలో నన్ను చూసి ఆయన, "నువ్వెందుకొచ్చావ్?" అన్నారు.

"మైనం లోపల ఉండాలండీ, సీసం బయట. మీ న్యూట్రాన్లు పుడుతున్నది ఆ సీసంలోనే."

ఆయన వంగి, సీసం ఇటుకల మీద చెయ్యి పెట్టి చూశారు. గబుక్కున కమల వైపు తిరిగి, "కమలా, రాసుకో!" అన్నారు.

"రాసుకో," అన్నాను నేనూ. "ముందు నా పేరు రాయి."

కమల పెన్ను తీసింది. రాయబోయి ఆగింది. మొహం ఎర్రబడింది.

"అక్కా... మీ పేరేంది?"

"రూతు. ఎమ్మెస్సీ అని కూడా రాయి."