నిలబడ్డా తిరిగే మీటరు

ఆ రోజు పొద్దున్న చిక్కడపల్లి ఆటో స్టాండులో దూద్‌పేడా తినని మనిషి లేడు. రాఘవేందర్ కిలో డబ్బా తెచ్చి తోటి ఆటోవాళ్లకు, ఇస్త్రీ బండి ఆయనకు, పాలప్యాకెట్ పట్టుకుని తన దారిన తాను పోతున్న ఎవరో పెద్దాయనకు కూడా ఆపి మరీ చేతిలో పెట్టాడు. ఏమిటి విశేషమని ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది. అడక్కముందే చెబుతున్నాడు.

"ట్రాక్టర్ కొంటున్న అన్న. పన్నెండు గొట్టంగనే చేతికొస్తది."

ఇరవై రెండేళ్లుగా ఆటో తోలుతున్న మనిషి. హైదరాబాదులో మీటరు వేసి నడిపే ఆటోవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. రాఘవేందర్ వేస్తాడు. సిగ్నల్ దగ్గర ఆగినా మీటరు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి తనకేమీ నష్టం లేదంటాడు. అలాంటి లెక్కగల మనిషికి ఒక్కటే కడుపుమంట. జనగామ దగ్గర నాలుగెకరాలుంది. ఏటా దున్నించే రోజులొస్తే ట్రాక్టరువాడి చుట్టూ తిరగాలి. వాడు రేపంటాడు, ఎల్లుండంటాడు, వచ్చాక గంటకింతని కిరాయి గుంజుతాడు. మనకే ఒకటుంటే మన పొలం మనం దున్నుకోవచ్చు, పక్కవాళ్లది కిరాయికి దున్నవచ్చు. ఈ ఆలోచన పట్టుకున్నాక అతనికి తిండి సయించలేదు.

సరిగ్గా అప్పుడే భానుప్రకాశ్ తగిలాడు. నారాయణగూడలో పాత ఇళ్లు కూలగొట్టి, ఆ మట్టీ ఇటుకముక్కలూ ఎత్తిపోయించే కాంట్రాక్టరు. అతని దగ్గరున్న ట్రాక్టరు అమ్మకానికి పెట్టాడు. రాఘవేందర్ ఎక్కి కూర్చున్నాడు, హారన్ కొట్టాడు, మీటరు చూశాడు. ఆరువేల నాలుగువందల పన్నెండు. ఆటో అయితే రెండు మూడు నెలల్లో తిరిగే దూరం. ఇది బండి కాదు, కొత్త పెళ్లికూతురు అనుకున్నాడు. బేరం అక్కడికక్కడే కుదిరింది. ఆటో ఇచ్చి, పైన లక్షన్నర ఇవ్వాలి. అయిదువేలు అడ్వాన్స్ ఇచ్చేశాడు. మధ్యాహ్నం పన్నెండుకు కాగితాల మీద సంతకాలు, ఆటో తాళం అప్పగింత.

ఆటో పోతే మళ్లీ సిటీ పర్మిట్ అంత తేలిగ్గా దొరకదని స్టాండులో ఒకరిద్దరు గుర్తు చేశారు. చేసినవాళ్లకు ఇంకో పేడా పెట్టి నోరు మూయించాడు.

పదకొండింటికి అశోక్‌నగర్‌లో భార్య నవత జిరాక్స్ దుకాణానికి వెళ్లాడు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు నోట్సుల కట్టలతో నిలబడి ఉన్నారు. నవత ఒక చేత్తో కాగితాలు పెడుతూ, ఇంకో చేత్తో చిల్లర ఇస్తోంది. లక్షన్నర ఆమెదే. చిట్టీ ఎత్తిన డబ్బు. పెళ్లయినప్పటి నుంచి తనకంటూ ఏదీ అడగని మనిషి మొదటిసారి అడిగాడని కాదనలేకపోయింది.

"నవతా, జల్ది ఈ ట్రాక్టర్ ఆర్‌సీ రెండు కాపీలు తియ్. నువ్వు గూడ రా, ట్రాక్టర్ మీద ఫొటో దిగుదాం."

నవత ఆర్‌సీని గాజు మీద బోర్లించబోయి ఆగింది. తిప్పి చూసింది.

"ఇది పదేండ్ల బండి గదయ్యా."

"ఉంటే ఏమైతది? నడిపిందే లేదు. మీటర్ చూడు." ఫోన్‌లో ఫొటో చూపించాడు. అతని ముఖం వెలిగిపోతోంది.

ఇక్కడ నవత గురించి ఒక మాట చెప్పాలి. నాలుగేళ్ల కిందట కోఠీలో పాత జిరాక్స్ మిషను చవగ్గా వస్తోందని ఎగిరి గంతేసి కొన్నది. మూడు నెలలకు లోపలి డ్రమ్ము అరిగిపోయింది. పద్దెనిమిదివేలు పెట్టి మార్పించాక గానీ తెలియలేదు, మిషను కొనేముందు అది ఎన్ని కాపీలు తీసిందో నంబరు చూడాలని. అప్పటి నుంచి ఏ మిషను చూసినా ఆమె కళ్లు ముందు నంబరు మీదికే పోతాయి.

"పదేండ్లకు ఆరువేల కిలోమీటర్లంటే దినానికి రెండు గూడ పడతలేదు," అంది మెల్లగా. "ఇల్లు కూలగొట్టిన మట్టి ఎత్తే బండి. నారాయణగూడ నుంచి ఊరి బయట పోసి రావాలంటేనే ఎన్ని కిలోమీటర్లు? ఇదేందో తేడా ఉంది."

"మీటర్ తిప్పిండంటవా?" రాఘవేందర్ ఫోన్ వెనక్కి తీసుకుని ఫొటో మళ్లీ చూశాడు.

"ఏమో. పోయి అడుగుదాం పా." పిల్లలను అరగంట ఆగమని చెప్పి షట్టరు సగం దించింది.

అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ ఎంత దూరమని? ఆ కాస్త దారిలో రాఘవేందర్ భానుప్రకాశ్‌ను నూరు రకాలుగా తిట్టాడు, నూరు రకాలుగా నిలదీశాడు. నవత వెనక కూర్చుని ఒళ్లోని సంచిని తడుముకుంటూనే ఉంది. చిట్టీ డబ్బు అందులోనే ఉంది.

సందులో కూలిన ఇంటి ముందు ట్రాక్టరు ఎర్రగా మెరుస్తోంది. పొద్దున్నే కడిగించినట్టున్నారు. భానుప్రకాశ్ కాగితాలు పట్టుకుని ఎదురొచ్చాడు.

"రా అన్న, రా వదిన. సంతకం పెడితే అయిపాయె."

"అన్నా, ఒక్క మాట," అంది నవత. "ఈ మీటర్ తిప్పిన్రా?"

భానుప్రకాశ్ నొచ్చుకున్నాడు. "నేను గట్ల చేసెటోన్ని గాదు వదిన. ఉన్నది ఉన్నట్టే ఉంది."

"మరి పదేండ్లల్ల ఆరువేల కిలోమీటర్లేనా తిరిగింది?"

అతను ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. "కిలోమీటర్లేంది? ట్రాక్టర్‌కు కిలోమీటర్లు ఎవరు చూస్తరు? అవి గంటలు. ఆరువేల నాలుగువందల గంటలు నడిచింది ఇంజను."

రాఘవేందర్ ట్రాక్టరు దగ్గరికి పోయి చెయ్యి చాపాడు.

"తాళం ఇయ్," అన్నాడు.

ఎక్కి స్టార్ట్ చేశాడు. ట్రాక్టరు ఉన్నచోటే నిలబడి దడదడమంటూ నల్లటి పొగ వదిలింది. గేరు వేయలేదు, చక్రం కదల్లేదు. అతను మీటరు మీద నుంచి చూపు తిప్పలేదు. నవత కింద నిలబడి వరసగా అడుగుతోంది, భానుప్రకాశ్ దాచకుండా చెబుతున్నాడు. దున్నేటప్పుడు గంటకు నాలుగు లీటర్లకు పైనే డీజిల్. వెనక పెద్ద టైర్లు పగుళ్లు పట్టాయి, జత మార్చాలంటే యాభైవేలు దాటుతుంది. ఇన్ని గంటలు నడిచాక ఇంజను విప్పక తప్పదు, విప్పితే లక్ష చాలదు. పని లేని నెలల్లో బ్యాటరీ, ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంటాయి.

"ఇంజను అంటే మా డ్రమ్ము అసొంటిదే గదా," అని నవత తనలో తాను అనుకున్నట్టుగా అంది.

అంతలో మీటరులో చివరి అంకె మెల్లగా జరిగి పైకొచ్చింది. అడుగు దూరం పోలేదు, ఒక్క చాలు దున్నలేదు, అయినా జరిగింది. రాఘవేందర్‌కు ఊళ్లో ట్రాక్టరువాడు గుర్తొచ్చాడు. ఏటా కిరాయి గంటల లెక్కనే కడుతున్నాడు కదా. కట్టిన ప్రతిసారీ వాణ్ని దొంగ అని తిట్టాడు కదా. ఆ గంటలో ఎంత మండుతుందో, ఎంత అరుగుతుందో ఒక్కసారన్నా ఆలోచించాడా?

బండి ఆపి దిగాడు. "వద్దు భానన్న."

"మాటిచ్చినవ్ గదన్న. మధ్యల ఇద్దరొస్తే తోలేసిన."

"ఇచ్చిన. తప్పు నాదే, నువ్వు అబద్ధం చెప్పలే. అడ్వాన్స్ నువ్వే ఉంచుకో."

అయిదువేలు. భానుప్రకాశ్ తీసుకున్నాడు, ఎందుకు తీసుకోడు? చేయి కలిపి మరీ తీసుకున్నాడు.

నవత ఆటోలో కూర్చుంది. రాఘవేందర్ సీటు మీదికి ఎగిరి కూర్చుని స్టార్ట్ చేశాడు. పెళ్లాన్ని ఎక్కించుకుని మీటరు వేశాడు. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో బండి ఇరుక్కుపోయింది. ముందు బస్సు, పక్కన ఇంకో బస్సు, చుట్టూ హారన్లు. ఆటో అంగుళం కదలడం లేదు. మీటరు మాత్రం తిరుగుతోంది. అది చూసి రాఘవేందర్ పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"ఏందయ్యా, అయిదువేలు పోయినయని పిచ్చి లేసిందా?"

"ఇది గూడ నిలబడ్డ కాడ తిరుగుతది, అది గూడ నిలబడ్డ కాడ తిరుగుతది. గాని ఇది తిరిగితే నాకొస్తది. అది తిరిగితే నా జేబుల నుంచి పోతది. ఇన్నేండ్ల సంది దీని మీదనే కూసున్న, నాకు సమజ్ కాలే చూడు."

నవత కూడా సంచి ఒళ్లో గట్టిగా పట్టుకుని నవ్వింది. కాసేపటికి ఏదో గుర్తొచ్చి ముందుకు వంగింది.

"మరి స్టాండ్ల కిలో పేడాలు పంచినవ్. ఏం కొన్నవని అడిగితే ఏం చెప్తవ్?"

గ్రీన్ సిగ్నల్ పడింది. రాఘవేందర్ గేరు వేసి, హ్యాండిల్‌ను అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"ఆటో కొన్న అని చెప్త."