దూది హాజరు

రోజూ తొమ్మిదిన్నరకి లెక్కల మేడం స్టాఫ్‌రూములో తన బల్ల దగ్గర కూర్చుని ఫోన్లో హాజరు తీసుకునేది. గదులు చాలడం లేదని మొదటి పీరియడ్‌ని క్లాసు గ్రూపులోకి మార్చేశారు ప్రిన్సిపాల్ గారు. పిల్లలు ఎక్కడున్నవాళ్ళు అక్కడినుంచే 'ప్రెజెంట్ మేడం' అని కొడితే, ఆవిడ రిజిస్టరులో టిక్కులు పెట్టి, పాఠం ముక్కలు ముక్కలుగా గొంతు రికార్డు చేసి పంపేది.

ఏ మెసేజ్ అయినా కొట్టినచోటి గాలిని మోసుకొచ్చేది. బస్సులోంచి కొడితే దుమ్ము రాలేది, వానలో కొడితే తెర తడిసేది. అందుకని లెక్చరర్లందరూ పక్కన ఓ గుడ్డ పెట్టుకునేవారు. పనిచోటి గాలి వస్తే ఆబ్సెంట్ వెయ్యమని సర్క్యులర్ కూడా ఉంది.

ఒకమ్మాయి మెసేజ్‌లోంచి మాత్రం రోజూ దూది రాలేది. క్లాసంతా ఆమెని దూది అనే పిలిచేవారు. తల్లి పోతే పిన్ని పెంచింది. ఇద్దరూ బస్ డిపో వెనక పరుపుల షెడ్డులో కుట్టుపని చేసేవారు.

"మీ బల్లమీద దిండుకి సరిపడా పోగైందండీ," అని నవ్వేవాడు పక్క సీటు ఫిజిక్స్ సారు.

మేడం దూది దులిపేసి టిక్కు పెట్టేది. గ్రూపులో ఏ లెక్క ఇచ్చినా మొదటి జవాబు ఆ పిల్లదే మరి. హాజరు తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వరు.

"ఆ పని మానెయ్యకూడదా అమ్మా?" అని ఒకసారి అడిగింది.

"పిన్నికి చూపు ఆనదు మేడం. తన వంతు కూడా నేను కుట్టకపోతే ఇద్దర్నీ తీసేస్తారు."

మేడం మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆ మంగళవారం అలవాటుకొద్దీ టిక్కులు పెట్టుకుంటూ పోతోంది. దూది పేరుకి టిక్కు పెట్టి దాటిందో లేదో, ఫోన్లోంచి నల్లటి పొగ ఎగదన్నింది. చెయ్యి చుర్రుమంది.

"స్పాంజి కాలుతోందండీ!" అన్నాడు ఫిజిక్స్ సారు ముక్కు మూసుకుని.

ఆవిడ ఆయన ఫోన్ లాక్కుని ఫైరింజన్‌కి చేసింది. సైరన్ వినపడ్డాకే షెడ్డు కాపలావాడు బయటి గడియ తీశాడు. దూది బతికింది. పిన్ని దక్కలేదు.

ఆస్పత్రిలో ఆ పిల్ల రెండు చేతులకీ కట్లే. "హాజరు టైముకి మీరు ఫోన్ చూస్తూ ఉంటారని తెలుసు మేడం," అంది. "పొగలో కళ్ళు కనపడలా. వేలికి అలవాటైన మాట అదొక్కటే."

పది రోజులకి ఓ అధికారిని వేసి విచారణ పెట్టారు. షెడ్డు యజమాని ఇస్త్రీ నలగని చొక్కాతో వచ్చాడు. "తలుపు తీసే ఉంది సార్. ఈ పిల్ల మా దగ్గర పనే చెయ్యలేదు. పిన్ని కోసం ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి మంటల్లో దూరింది. కావాలంటే హాజరు చూడండి, పనిచోట ఉంటే టిక్కు పడదుగా."

రిజిస్టరులో టిక్కు ఉంది.

మేడంని పిలిచేలోపు వరండాలో ప్రిన్సిపాల్ గారు ఆపారు. "పోయినావిడ ఎలాగూ పోయింది. ఆ టిక్కు తప్పని మీ నోటితో అంటే మాత్రం మిమ్మల్ని ఉంచలేనమ్మా."

ఆవిడ లోపలికెళ్ళి, అధికారి ముందు ఆ మెసేజ్ తెరిచింది. గదంతా పొగ కమ్మేసింది. అధికారి దగ్గుతూ లేచి కిటికీలు తెరిచాడు. దూది మొహం తిప్పుకుంది.

"షెడ్డు పొగే," అన్నాడాయన కళ్ళు తుడుచుకుని. "మరి ఈ టిక్కు ఎవరు పెట్టారు?"

"నేనే సార్. దొంగ టిక్కు."

"ఆ ఒక్కరోజేనా?"

"ఏడు నెలలు. రోజూ ఆ షెడ్డు దూదే రాలేది."

యజమాని ఏదో అనబోయాడు. అధికారి చెయ్యెత్తి ఆపి, అంతా రాసుకుని, మేడం చేత సంతకం పెట్టించాడు. తర్వాత కొత్త కాగితం తీసి దూది వైపు తిరిగాడు.

"ఇప్పుడు చెప్పమ్మా. గడియ ఎవరు పెట్టారు?"