ఎర్ర కారు దగ్గు

"నీ మ్యాపే ఖరాబ్ ఉంది, ఋతుజా," అన్నాడు సౌరభ్ కారు దిగుతూనే.

నాకు ఒళ్లు మండిపోయింది. మ్యాప్ అంటే కారు కంప్యూటర్‌కు నేను రాసిచ్చిన లెక్క. ఎంత గాలికి ఎంత పెట్రోలు పోయాలో అందులో ఉంటుంది. సౌరభ్ తన ఎర్ర కారుకు, ఇంజిన్‌లోకి గాలి కుక్కే పెద్ద టర్బో పెట్టించుకుని, దాని మ్యాప్ రాసే పని నాకిచ్చాడు. ఇది నా మొదటి టర్బో. రేపు రేసు ట్రాక్ మీద ఇది దూసుకుపోతే నా పేరు పుణె దాకా వినబడుతుంది. దగ్గుతూ ఆగిపోతే, "పోరి చేతికి ఇచ్చినవ్, ఇంకేమైతది" అనేవాళ్లకు పండగే పండగ.

పోయిన వారం కారు అద్భుతంగా నడిచింది. తర్వాత సౌరభ్ దాన్ని దాజీ పేట్‌లో వాళ్ల షెడ్డులోకి తెచ్చి, టవళ్లు నేసే సాంచాల పక్కన నిలబెట్టాడు. ఆ మరమగ్గాలు నడిపేది మా బాపు పెంటప్పే. నా పని గురించి ఆయన ఇంతవరకూ మంచీ అనలేదు, చెడ్డా అనలేదు.

షెడ్డుకు వచ్చాక మొదలైంది ఈ రోగం. మెల్లగా నడిపితే ఏమీ లేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం కారు ఒక్క క్షణం తటపటాయించి, దగ్గి, కుదిపి కుదిపి పెడుతోంది.

"పుణెల మ్యాపులు రాసే ఆయనకు ఫోన్ చేస్త. ఆయన మ్యాప్ ఎక్కిచ్చుకుంట," అన్నాడు సౌరభ్.

"చేస్కో. గానీ సాయంత్రం దాంక బండి నాది. బోనెట్ ఎత్తు!"

ముందు స్పార్క్ ప్లగ్గు విప్పాను. కొస తెల్లగా ఉంది. అంటే గాలికి సరిపడా పెట్రోలు పడటం లేదు.

"అదే కదా నేననేది! నువ్వే తక్కువ రాసినవ్," అన్నాడు సౌరభ్. ఆ ప్లగ్గు అతని నెత్తిన విసరాలనిపించింది.

పెట్రోలు పంపు చూశాను, బరాబర్ ఉంది. షెడ్డు కంప్రెసర్‌తో గాలి పట్టించి, టర్బో పైపులన్నిటికీ సబ్బు నీళ్లు పూశాను. ఒక్క బుడగ రాలేదు. ఇక మిగిలింది ల్యాప్‌టాప్. దాన్ని ఒళ్లో పెట్టుకుని, సౌరభ్‌ను కుంభారి రోడ్డు మీద తొక్కమన్నాను. కారు దగ్గింది. నేను పోయిన వారం అంకెలను, ఇప్పటి అంకెలను పక్కపక్కన పెట్టి చూశాను.

టర్బో ఒత్తిడి రెండుసార్లూ ఒకటే. గాలిని కొలిచే సెన్సార్ మాత్రం ఇవాళ గాలి తక్కువ వస్తోందని చెబుతోంది!

"అబద్ధం!" అని అరిచాను.

సౌరభ్ అదిరిపడి బ్రేకు తొక్కాడు. "ఏమైంది వే?"

"సెన్సార్ ఝూట్ చెప్తున్నది! గాలి తక్కువొస్తుందని చెప్తే కంప్యూటర్ పెట్రోలు తక్కువ పోస్తది. నా మ్యాప్ మంచిగుంది! చల్, బండి తిప్పు!"

షెడ్డుకు చేరగానే సెన్సార్ ఊడదీశాను. లోపల సన్నటి తీగ ఉండాలి. ఆ తీగకు గులాబీ రంగు దూది పీచు చుట్టుకుపోయి ఉంది. గంతేయాలనిపించింది, గంతేశాను కూడా. కానీ సెన్సార్ కన్నా ముందే ఫిల్టర్ ఉండగా పీచు లోపలికి ఎలా వచ్చింది?

ఈ కారుకు ఫిల్టర్ బంపర్ వెనక, కిందెక్కడో ఉంటుంది. నేల మీద వెల్లకిలా పడుకుని చెయ్యి పైకి పెట్టాను. మెత్తగా తగిలింది. విప్పి చూస్తే ఫిల్టర్ ఒంటి మీద గులాబీ టవల్ ముక్క, దాని మీద నూలు దారంతో బిగించి కట్టిన కట్టు! ఫిల్టర్ కప్పుకున్న టవలే, గాలి గట్టిగా లాగినప్పుడల్లా ఫిల్టర్ సందుల్లోంచి దూరేంత సన్నటి పీచు వదులుతోంది.

"ఎవడు కట్టిండు ఇది?" సౌరభ్ మొహం ఎర్రబడింది. "ఎవడో చెప్పు, ఇయ్యాలే పనిల నుంచి తీసేస్త!"

నేను ముడి వంక చూశాను. తెగిన పోగు కలిపేటప్పుడు మా వాళ్లంతా వేసే ముడే అది. కానీ ఇది తిరగబడి ఉంది. ఎడమ చేతి వాటం మనిషి వేసిన ముడి. మా షెడ్డులో అలాంటి మనిషి ఒక్కరే. ముడిని గుప్పిట్లో మూసేశాను.

"ఏమో, ఎవరైతేంది. దొరికింది కదా," అన్నాను.

అప్పటికే సాంచా ఆపి బాపు వచ్చి నిలబడ్డాడు.

"నేనే కట్టిన, సౌరభ్ సేఠ్," అన్నాడు. ఏ బెరుకూ లేదు ఆ గొంతులో.

"బాపూ! నన్నొక్క మాట అడగొద్దా?" కోపం, ఏడుపు కలిసి వచ్చాయి నాకు.

"పీచు పోయి సాంచాల మోటార్లు కాలుడు నా కండ్లతోని చూసిన బిడ్డా. మోటార్లకు గుడ్డ కడ్తనే ఉంటం. ఈ బండి నువ్వు చేసింది. పీచు పోయి ఖరాబైతే నీ పేరు పోతదనుకున్న."

సౌరభ్ తల గోక్కుని, "కాకా, నా బండి ఇక్కడ పెట్టుడే తప్పు," అన్నాడు.

టవల్ తీసేశాను, ఫిల్టర్ దులిపాను, సెన్సార్‌కు శుభ్రం చేసే స్ప్రే కొట్టి ఆరబెట్టి బిగించాను. ఈసారి స్టీరింగ్ నేనే పట్టుకున్నాను.

"బాపూ, ముందు సీట్ల కూసో."

సౌరభ్ వెనక ఎక్కాడు. కుంభారి రోడ్డు ఖాళీగా ఉంది. తొక్కాను. తటపటాయింపు లేదు, దగ్గు లేదు. టర్బో ఈల వేసింది, మా ముగ్గురి వీపులూ సీట్లకు అతుక్కున్నాయి. వెనక నుంచి సౌరభ్, "ఫోన్ చెయ్య! పుణె ఆయనకు ఫోన్ చెయ్యనే చెయ్య!" అని కేకలు పెట్టాడు.

కారు పక్కకు తీసి ఆపాను. బాపు రెండు చేతులతో టవల్ ముక్కను గట్టిగా పట్టుకుని, రోడ్డునే చూస్తూ కూర్చున్నాడు. భయపడ్డాడేమో అనుకున్నాను.

"మంచిగ చేసినవ్ బిడ్డా," అన్నాడు. "మల్లొక్కసారి తొక్కు."